22 రాత్రుల జైలు, అయిదు నెలల భీవండి

మా ఊళ్ళో ఎవరు కలిసినా జైలు గురించే అడుగుతారు. "అన్నా, లోపల ఎట్లుండె? కొట్టిన్రా? అన్నం సరిగ్గ పెట్టిన్రా?" ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న పాతబడలేదు. నేను జైల్లో ఉన్నది 22 రాత్రులు. ఆ తర్వాత కోర్టు షరతు ప్రకారం సొంత జిల్లాలో అడుగు పెట్టకుండా మహారాష్ట్రలోని భీవండిలో ఉన్నది అయిదు నెలలు. ఆ అయిదు నెలల గురించి నన్ను అడిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు నా భార్య. ఇంకొకరు మా ఊరి అప్పటి ఉపసర్పంచ్. నాకు మాత్రం జైలు కంటే భీవండే కష్టమైంది, అక్కడే నేను కొంత మారాను. అందుకే రాసి పెట్టాలనిపించింది.

మాది నెక్కొండ దగ్గర ఒక ఊరు, అప్పటి వరంగల్ జిల్లా. పత్తి, మిరప పండిస్తారు. ఊరికి ఆనుకుని రెండు తండాలున్నాయి. మాది పద్మశాలి ఇల్లు. నాయిన మగ్గం నేసేవాడు. నేను డిగ్రీ చేసి ప్రైవేటు బడిలో సోషల్ చెప్పాను. 2006లో సర్పంచ్‌గా నిలబడి గెలిచాను. ఉపసర్పంచ్ పదవి మాత్రం మా గ్రూపుకు రాలేదు. వార్డు మెంబర్లు తండాకు చెందిన ఒక లంబాడా మహిళను ఎన్నుకున్నారు. ఆమె వెనక ఉన్నది మా ఎదుటి గ్రూపు. ఆమెను "చెల్లె" అని పిలిచేవాణ్ని. మీటింగులో కుర్చీ వేయించేవాణ్ని. మాట అడిగింది మాత్రం లేదు. తీర్మానం రాసిన తర్వాత రిజిస్టర్ ఆమె ముందుకు జరిపేవాణ్ని, ఆమె సంతకం పెట్టేది. నాలుగున్నరేళ్ళు అలాగే నడిచింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

2011 ఫిబ్రవరి 17న ప్రత్యేక తెలంగాణ కోసం సహాయ నిరాకరణ మొదలైంది. మార్చి 1న రైల్ రోకో. 'పల్లె పల్లె పట్టాల పైకి' అని ఉద్యమాన్ని నడిపిన తెలంగాణ జేఏసీ ఇచ్చిన పిలుపు. మా ఊరి నుంచి మూడు ట్రాక్టర్లలో పోయాం. ఆడవాళ్ళు సద్దులు కట్టుకొని వచ్చారు. పట్టాల మధ్యనే బతుకమ్మ ఆడారు. చిన్నపిల్లలు కంకర రాళ్ళతో గచ్చకాయలాట ఆడుకున్నారు. సాయంత్రం అందరం లేచి ఇళ్ళకు వచ్చేశాం. రాత్రి పదకొండు దాటాక మా వాకిట్లో జీపు ఆగింది.

కేసు ఏమిటంటే సిగ్నల్ కేబుల్ కోశామని, డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడ్డుకున్నామని. నేను పట్టాల మీద కూర్చున్నాను, జనాన్ని కూర్చోబెట్టాను. ఆ మాట కోర్టులోనూ దాచలేదు. కేబుల్ మాత్రం నేను కోయలేదు, కోసిందెవరో ఇప్పటికీ తెలియదు. మర్నాడు వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో వైద్య పరీక్ష చేయించి, సాయంత్రానికి మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టారు. 14 రోజుల రిమాండ్ పడింది. చీకటి పడేసరికి వరంగల్ సెంట్రల్ జైలు గేటు దగ్గర ఉన్నాను.

గేటులో పేరు, తండ్రి పేరు, చదువు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. వృత్తి ఏమిటంటే 'సర్పంచ్' అన్నాను. రాసుకునే అతను తలెత్తి చూసి, "అది పని కాదు కద సార్, బతుకుదెరువుకు ఏం చేస్తరు?" అన్నాడు. వెటకారంగా కాదు, ఆ గడి నింపాలి కాబట్టి అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. గెలిచిన ఏడాదికే బడికి పోవడం మానేశాను. మగ్గం నాయినతోనే పోయింది. చివరికి 'వ్యవసాయం' అని రాయించాను. మాకున్నది ఎకరం ముప్పై గుంటలు, అదీ కౌలుకిచ్చింది.

బ్యారక్‌లో మాలాగే ఉద్యమ కేసుల్లో వచ్చినవాళ్ళు ఇంకో పదకొండు మంది ఉన్నారు. విద్యార్థులు, ఒక ఆర్టీసీ కండక్టర్, ఒక ఆటో డ్రైవర్. ఆ పదకొండు మంది వల్ల నాకు జైలు జైలులా అనిపించలేదు. పొద్దున ఖైదీల లెక్క అయ్యాక పేపర్ వచ్చేది. ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళం వినేవాళ్ళం. మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది కదా, మర్నాటి పేపర్ కోసం తెల్లవారుజామునుంచే కాచుకున్నాం. విగ్రహాలు కూల్చడం సరైందా కాదా అని మాలో మాకే మధ్యాహ్నం దాకా గట్టిగా వాదన జరిగింది. సాయంత్రం అయిదుకల్లా తిండి, ఆరుకు లాకప్. తాళం పడ్డ తర్వాత పాటలు పాడుకునేవాళ్ళం.

బ్యారక్ పనులు చూసే పాత ఖైదీ ఒకాయన ఉండేవాడు. ములుగు దిక్కు మనిషి, యావజ్జీవం పడ్డది. మూడో రోజు నేను గోడకు ఆనుకొని కూర్చుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. "సర్పంచ్ సాబ్, దినం మొత్తాన్ని ఒక్కపారే సూడకు. ముక్కలు చేసుకో. లెక్క దాక ఒకటి, బువ్వ దాక ఒకటి, లాకప్ దాక ఒకటి. ఒక్కో ముక్కల ఒక్క పని పెట్టుకో. రాత్రిని లెక్కల పట్టకు, అది నిద్రది" అన్నాడు. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. లోపల నాకు ఆ అవసరం రాలేదు మరి, మాట్లాడుకోవడానికి మనుషులున్నారు.

శిక్ష పడ్డవాళ్ళు అక్కడ దర్రీలు, అంటే తివాచీలు నేసేవాళ్ళు. గాలి అటునుంచి వీచినప్పుడు మగ్గం చప్పుడు వినిపించేది. మా ఇంట్లో ఆ చప్పుడు ఆగి చాలా ఏళ్ళయింది. కళ్ళు మూసుకుంటే నాయిన గుర్తొచ్చేవాడు.

బళ్ళో నేను పిల్లలకు చెప్పిన పాఠాలూ గుర్తొచ్చేవి. కవి దాశరథి కృష్ణమాచార్యను నిజాం సర్కారు ముందు ఈ వరంగల్ జైల్లోనే పెట్టి, తర్వాత నిజామాబాద్ ఖిల్లా జైలుకు పంపింది. అక్కడ ఆయన బొగ్గు ముక్కతో గోడ మీద పద్యం రాశాడు. తోటి ఖైదీ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. ఈ మాటలు క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. అదే గోడల మధ్య పడుకున్నప్పుడు గర్వం కంటే సిగ్గే ఎక్కువ అనిపించింది. వాళ్ళు పడ్డ కష్టం ఎక్కడ, నా 22 రాత్రులు ఎక్కడ. ఆ తేడా మర్చిపోకూడదని ఇక్కడ రాస్తున్నాను. 1886లో కట్టిన ఆ జైలు ఇప్పుడు లేదు. 2021 వేసవిలో ఖైదీలను వేరే జైళ్ళకు తరలించి దాన్ని కూల్చేశారు, 24 అంతస్తుల ఆసుపత్రి కోసం. కూల్చేటప్పుడు నేను రోడ్డవతల చాలాసేపు నిలబడ్డాను. ఆసుపత్రి రావాల్సిందే. ఆ మగ్గాలు ఏమయ్యాయో ఎవరినైనా అడుగుదామనుకున్నాను, అడగలేదు.

ములాఖత్‌కు నా భార్య వచ్చేది. జాలీకి అటు పది మంది, ఇటు పది మంది, అందరూ ఒకేసారి అరుస్తుంటే సగం మాటలు వినిపించవు. రెండోసారి వచ్చినప్పుడు ఆమె చెప్పింది, "ట్యాంకు మోటరు కాలింది. నీళ్ళు లేవు. పంచాయతీ పని ఇగ ఆ చెల్లె చూస్తదట, కాగితం వచ్చిందట."

నాకు తెలిసిన నియమమే. సర్పంచ్ పదిహేను రోజులకు మించి ఊళ్ళో లేకపోతే అధికారాలు ఉపసర్పంచ్‌కు పోతాయి. తెలిసినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరెస్టైన రాత్రి కూడా నాకు అంత టెన్షన్ లేదు. ఎదుటి గ్రూపు చేతికి తాళం పోయినట్టే అనుకున్నాను.

బెయిల్ పిటిషన్ మొదటి కోర్టులో కొట్టేశారు. సెషన్స్ కోర్టులో వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలి, భూమి కాగితాలతో. ఒకరు మా మేనమామ. రెండో జామీను ఎవరన్నది బయటికొచ్చాకే తెలిసింది. ఎదుటి గ్రూపు పెద్దమనిషి ఒకాయన తన పట్టాదారు పాస్‌బుక్ ఇచ్చాడు. "ఓట్లప్పుడు వేరే, ఇది వేరే" అన్నాడట. ఆయన ఇప్పుడు లేడు. విడుదల ఆర్డర్ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు చేరడం ఆలస్యమై ఇంకో రాత్రి లోపలే గడిచింది. మార్చి 24 సాయంత్రం బయటికొచ్చాను.

గేటు బయట మా ఊరివాళ్ళు డప్పులతో వచ్చారు. దండలు వేశారు. అంత సంతోషంలో వకీలు నన్ను పక్కకు తీసుకుపోయి షరతు చదివి వినిపించాడు. ఛార్జిషీటు వేసేదాకా జిల్లా పరిధిలో ఉండకూడదు. వాయిదాకు హాజరవ్వడానికి తప్ప రావద్దు. 24 గంటల్లో వెళ్ళిపోవాలి. "ఎన్ని రోజులు సార్?" అన్నాను. "వాళ్ళెప్పుడు వేస్తే అప్పటిదాకా" అన్నాడు. జైలుకైతే కనీసం ఒక తేదీ ఉంటుంది, రిమాండ్ గడువు ఉంటుంది. దీనికి అదీ లేదు.

మర్నాడు కాజీపేటలో ముంబై పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఊరికి పోకుండానే. నా భార్య స్టేషన్‌కే బట్టల సంచీ తెచ్చింది. బిడ్డ అప్పుడు అయిదో తరగతి. "నాయినా, మళ్ళ జైలుకా?" అని అడిగింది.

భీవండిలో మా చిన్నాయిన కొడుకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని చేసేవాడు. అక్కడి పద్మానగర్ పేరు మనవైపు పద్మశాలి ఇళ్ళల్లో తెలియనివాళ్ళు ఉండరు. వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి మనవాళ్ళు తరాలుగా అక్కడికి వలసపోయారు. మార్కండేయ గుడి ఉంది. వీధిలో తెలుగు వినిపిస్తుంది. బోర్డులు మరాఠీలో, హిందీలో. తమ్ముడికి ఒక్కటే గది, భార్యాపిల్లలు. అందుకని నన్ను కార్మికుల గదిలో పెట్టాడు. ఆరుగురం. పగటి షిఫ్ట్ వాళ్ళు రాత్రి పడుకున్న చాపల మీదే రాత్రి షిఫ్ట్ వాళ్ళు పగలు పడుకుంటారు. పన్నెండు గంటల షిఫ్ట్. సాంచెల చప్పుడు గోడల్లోంచి వస్తుంది. మొదటి వారం తల పగిలిపోతుందేమో అనిపించింది. వాళ్ళకు అది ఆగితేనే మెలకువ వస్తుంది. కరెంటు పోయిందంటే ఆ వారం పగార్ తగ్గుతుంది మరి.

మొదటి వారం బాగానే ఉన్నట్టు నటించాను. ఏప్రిల్ 2 రాత్రి ముంబైలో వరల్డ్ కప్ ఫైనల్, ఇండియా గెలిచింది. భీవండి అంతా పటాకులు. గదిలో అందరూ నన్ను కూడా రోడ్డు మీదికి లాక్కుపోయారు. నేనూ అరిచాను. రెండు రోజులకు ఉగాది. తమ్ముడి భార్య పచ్చడి పంపింది. అది తాగి బయట మెట్ల మీద కూర్చుంటే ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఊళ్ళో ఉగాది రోజు పంచాంగం వినేటప్పుడు సర్పంచ్‌ని ముందు కూర్చోబెడతారు. ఆ చాప మీద ఇవాళ ఎవరు కూర్చున్నారో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఊరి నీళ్ళ కంటే ఆ చాపే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ తర్వాత ఇరవై రోజులు నేను మనిషిని కాదు. ఫోన్ ఎత్తలేదు. రోమింగ్‌లో వచ్చే కాల్‌కు కూడా డబ్బులు పడేవి ఆ రోజుల్లో, ఆ సాకు చెప్పుకున్నాను. చాప ఖాళీగా దొరికితే పడుకోవడం, లేకపోతే వరాలదేవి చెరువు గట్టున కూర్చోవడం. స్నానం కూడా చేయని రోజులున్నాయి. జైల్లో నేను ఉద్యమ ఖైదీని. ఒక కారణం ఉంది, పక్కన పదకొండు మంది ఉన్నారు, బయట డప్పులున్నాయి. ఇక్కడ నేనెవరో చెప్పినా ఎవరికీ పట్టదు. చాయ్ హోటల్లో "క్యా కామ్ కర్తా?" అని అడిగితే జైలు గేటులో లాగానే నోరు పెగల్లేదు.

అప్పుడు మా అమ్మ తండ్రి, తాత గుర్తొచ్చాడు. ఆయనది పరకాల దగ్గర ఊరు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎత్తిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ తర్వాత చాలామంది నిజాం రాజ్యం సరిహద్దు దాటారు. తాత చాందాకు, ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌కు పోయాడు. అక్కడ స్టేట్ కాంగ్రెస్ క్యాంపు ఉండేది. మన వంగర పీవీ నరసింహారావు ఆ రోజుల్లో పని చేసింది ఆ క్యాంపులోనే. పీవీకి అది రెండో ప్రవాసం అనాలి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి విద్యార్థులను వెళ్ళగొడితే ఆయన నాగపూర్ పోయి చదువుకున్నాడు. తాత పెద్ద నాయకుడేం కాదు. క్యాంపులో నీళ్ళు మోసేవాడు, వంటకు కట్టెలు కొట్టేవాడు, చెప్పిన ఊరికి చెప్పిన చీటీ చేరవేసేవాడు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్‌తో నిజాం పాలన పోయాక ఇంటికొచ్చాడు. జైలుకు పోయినవాళ్ళను ఊరు గౌరవంగా చూసిందట. తాతను మాత్రం "భయపడి పారిపోయిండు" అన్నవాళ్ళూ ఉన్నారట. చిన్నప్పుడు నేను అడిగాను, "తాతా, అక్కడ ఏం చేసినవ్ ఏడాది పాటు?" అని. "పొద్దున లేసి ఇయ్యాల ఎవలకు ఏం కావాల్నో అడిగేటోన్ని బిడ్డా. పండుకుంటె ఊరు యాదికొస్తది. పని చేస్తె రాదు" అన్నాడు.

చెరువు గట్టున ఆ మాట, జైల్లో ములుగు ఆయన చెప్పిన మాట రెండూ ఒకేసారి గుర్తుకొచ్చాయి. ఇది కల్పించి చెప్పడం లేదు. అదే రోజు సాయంత్రం తమ్ముణ్ని పని ఇప్పించమని అడిగాను. అతను ఒప్పుకోలేదు, "అన్నా, నువ్వు సర్పంచ్‌వి, నలుగురు ఏమంటరు" అన్నాడు. రెండు రోజులు బతిమాలితే కండెలకు నూలు చుట్టే పనికి పెట్టించాడు. పెద్ద పని కాదు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు చేసేది. నా చేతులకు మాత్రం చిన్నప్పటి అలవాటు పోలేదు. పోగు తెగితే ముడి వేయడానికి వేళ్ళు వాటంతటవే కదిలాయి. పక్కన కండెలు చుట్టే ముసలమ్మ చూసి "నువ్వు సాలోళ్ళ పిలగానివేనా?" అంది. అవునన్నాను. చాలా రోజుల తర్వాత ఎవరో అడిగిన ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాను.

రోజును ముక్కలు చేసుకున్నాను. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఊరికి ఫోన్. ఆ తర్వాత పని. సాయంత్రం గంటసేపు గుడి అరుగు మీద కూర్చుని కాగితాలు రాయడం. ఈ కాగితాల పని అనుకోకుండా మొదలైంది. గదిలో ఒకతనికి కిడ్నీలో రాయి. ఊరికి పోయి ఎంజీఎంలో చూపించుకుందామంటే ఆరోగ్యశ్రీకి తెల్ల రేషన్ కార్డు కావాలి. వలస పోయాడని అతని పేరు కార్డులోంచి తీసేశారు. అతని తరఫున మండలాఫీసుకు దరఖాస్తు రాసిచ్చాను. వారం తిరిగేసరికి అరుగు దగ్గర పది మంది. పేరు మళ్ళీ ఎక్కించడానికి, తండ్రి చనిపోయాక పట్టా మార్పిడికి, తల్లికి పింఛన్‌కు, బిడ్డకు కులం సర్టిఫికెట్‌కు. అందరూ మనవైపు ఊళ్ళవాళ్ళే. సర్పంచ్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటి కాగితాలు నా బల్ల మీదికి ఎన్నో వచ్చేవి. కింద సంతకం చూసేవాణ్ని, పైన రాసింది సగం చదివేవాణ్ని. ఇక్కడ ప్రతి దరఖాస్తూ మొదటి నుంచి నేనే అడిగి రాయాల్సి వచ్చింది. మనిషి బతుకంతా అందులో ఉంటుంది. ఒక్కొక్కరికి గంట పట్టేది.

ఊరి ఫోన్ సంగతి ఇప్పుడు చెప్పాలి.

మొదట్లో నా గ్రూపు వాళ్ళకే చేసేవాణ్ని. వాళ్ళు చెప్పింది విని ఉడికిపోయేవాణ్ని. ట్యాంకు మోటారు బాగు చేసేదాకా ఉపసర్పంచ్ ఒక రైతు బావిని అద్దెకు తీసుకొని నీళ్ళు తోడించింది. అది మంచిదే. కానీ నీళ్ళు ముందు తండాలకు వదులుతోంది, తెల్లవారుజామున. ఊళ్ళోకి ఎనిమిదికి. నా కాలంలో ఎప్పుడూ ఊరు ముందు, తండా తర్వాత. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. పైపు మొదట వేసింది ఊళ్ళో కాబట్టి అలా నడిచింది. ఇప్పుడు ఊళ్ళో పెద్దలు కోపంగా ఉన్నారు. ఒకరోజు మా గ్రూపు వాళ్ళు నలుగురు స్పీకర్ పెట్టి మాట్లాడారు. "అన్నా, నువ్వు ఊఁ అను చాలు. వాల్వు దగ్గర మేం నిలబడ్తం. ఆమె ఎట్ల వదుల్తదో చూస్తం."

నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. "రేపు చెప్తా" అన్నాను. ఆ రాత్రి సాంచెల చప్పుడులో చాలాసేపు మేలుకొని ఉన్నాను. దూరంగా ఉన్నా నా మాటకు ఊళ్ళో ఇంకా బలముందని తెలిసింది, అది చాలా తియ్యగా ఉంది. ఆ తీపి కోసమే నెల రోజులు కుమిలిపోయాను మరి.

పొద్దున ఆరింటికి మొదటిసారి ఉపసర్పంచ్‌కు ఫోన్ చేశాను. నాలుగున్నరేళ్ళలో నేను ఆమెకు చేసిన మొదటి ఫోన్ అది. "చెల్లె, తండాకు ముందెందుకు?" అని అడిగాను. ఆమె కోపపడలేదు. "అన్నా, మిరపకాయ ఏరుడు నడుస్తంది. మా ఆడోళ్ళు ఆరింటికే ఆటో ఎక్కుతరు. ఎనిమిదింటికి నీళ్ళొస్తె పట్టేటోళ్ళెవరు? బిందెలు ఎండుతయి. ఊళ్ళె ఇంటికొక మనిషన్న ఉంటరు ఆ యాళ్ళకు" అంది. అంతే. నాకు అడగడానికి ఇంకేం మిగల్లేదు. నేను బళ్ళో పాఠం చెప్పినవాణ్ని, ఊరంతా తెలుసనుకున్నవాణ్ని. తండా ఆడవాళ్ళు ఎన్నింటికి పనికి పోతారో నాకు తెలియదు.

మా వాళ్ళకు ఫోన్ చేసి ఆమె చెప్పిందే నడవాలన్నాను. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఒకతను ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు. "జైలుకు పోయొచ్చి మెత్తబడ్డవ్" అన్నాడు. మెత్తబడింది జైలు వల్ల కాదని అతనికి చెప్పాలని ఉండేది.

అప్పటినుంచి రోజూ పొద్దున ఫోన్ ఆమెకే. మొదట్లో నేను సలహాలు చెప్పేవాణ్ని. ఆమె "సరే అన్నా" అని, తనకు తోచింది చేసేది. జూన్ నాటికి నేను అడగడమే ఎక్కువైంది. బిల్లు ఎందుకు ఆగింది, బడి పైకప్పు రిపేరుకు ఎవరిని పట్టుకోవాలి, ఈ రెండు మూడు విషయాల్లో నా అనుభవం ఆమెకు పనికొచ్చింది. మిగతావి ఆమె నాకంటే బాగా చేసింది. ఈ మాట మొహమాటానికి రాయడం లేదు.

ఆ రోజుల్లో మన కవి కాళోజీ కూడా తరచూ గుర్తొచ్చేవాడు. వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేయబోయినందుకు ఆయనకు నిజాం కాలంలో నగర బహిష్కరణ విధించారు. వరంగల్ అంటే అంత ప్రాణమైన మనిషిని వరంగల్‌లో ఉండొద్దన్నారు. ఆయన తిరిగొచ్చి జీవితమంతా ఆ ఊళ్ళోనే గడిపాడు. 2002లో పోయాక దేహాన్ని కూడా కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చారు, ఆయన కోరిక ప్రకారం. నా చిన్న బహిష్కరణను ఆయన దానితో పోల్చుకోను. కానీ వెళ్ళగొట్టిన ఊరి మీద కోపం పెంచుకోకుండా ఉండొచ్చని ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ధైర్యం వచ్చేది.

షరతు సడలించమని మధ్యలో రెండుసార్లు పిటిషన్ వేశాం, రెండుసార్లూ వాయిదా పడింది. ఆగస్టు మూడో వారంలో ఛార్జిషీటు వేశారని వకీలు ఫోన్ చేశాడు. అప్పటికే పంచాయతీల పదవీకాలం అయిపోవచ్చింది. ఎన్నికలు పెట్టలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. సర్పంచ్‌గా ఊరు విడిచినవాణ్ని, ఏమీ కాకుండా తిరిగొచ్చాను. కేసు మాత్రం 2016 దాకా నడిచింది. వాయిదాలకు తిరిగి తిరిగి చివరికి నిర్దోషిగా బయటపడ్డాను. 2013 జులైలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మా ఊరు మహిళకు రిజర్వయింది. ఆమె నిలబడింది. నేను ఆమెతో ఇల్లిల్లూ తిరిగాను. గెలిచింది.

నేను తిరిగొచ్చిన రోజు డప్పులు లేవు. కబురు చెయ్యొద్దని నా భార్యకు ముందే చెప్పాను. వాన పడి వెలిసింది. నెక్కొండ నుంచి ఆటోలో దిగి, ఇంటికి పోయి, బిడ్డను చూసి, సాయంత్రం తండాకు నడిచాను. నాలుగున్నరేళ్ళు సర్పంచ్‌గా ఉండి ఆ ఇంటికి పోవడం అదే మొదటిసారి. ఆమె వాకిట్లో మంచం వాల్చింది. లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు అంతగా రాదు. ప్రతి పేజీలో తేదీ ఎవరో పిల్లలతో రాయించింది. దాని కింద నిలువు గీతలు. ఒక గీత అంటే బావి నుంచి ఒక గంట నీళ్ళు. గీత మీద అడ్డగీత ఉంటే కరెంటు పోయిన రోజు. తండాకు ఒక వరుస, ఊరికి ఒక వరుస. ఏప్రిల్ నుంచి జులై దాకా ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చివరి పేజీలో బావి రైతుకు ఇచ్చిన డబ్బులు, ఇవ్వాల్సినవి.

"ఇంక నాలుగు వేలు బాకీ ఉన్నయన్నా. కొత్తగొచ్చిన ఆఫీసర్ ఇస్తడా?" అని అడిగింది.

"దరఖాస్తు రాద్దాం" అన్నాను. కాగితం, పెన్ను తెప్పించింది. తారీకుల వారీగా అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. గంట పట్టింది. మధ్యలో చాయ్ తెచ్చి, ఎదురుగా కింద కూర్చోబోతే మంచం మీదే కూర్చోమన్నాను. కాసేపు తటపటాయించి కూర్చుంది.

"అన్నా, భీవండిల నీళ్ళెట్ల?" అంది.

రాత్రి రెండింటికి వస్తాయని, రాత్రి షిఫ్ట్ వాళ్ళు గదుల్లో ఉండరు కాబట్టి పగటి షిఫ్ట్ వాళ్ళు లేచి అందరి బిందెలూ నింపుతారని చెప్పాను. ఎన్ని బిందెలు, ఎంతసేపు, పంపు ఎంత దూరం అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ చెప్పాను.